అత్తమ్మ బైబిలు అంచులు

నాది అనుమానపు బుద్ధి. గొప్పగా చెప్పుకోవడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. పాలవాడు పోసిన పాలను వేలితో రాసి చూస్తాను. ఆటోవాడు సందు మారిస్తే ఎందుకు మార్చావని అడుగుతాను. పెళ్లిచూపుల్లో రాజ్ కుమార్ మరీ తక్కువ మాట్లాడాడని, ఏదో దాస్తున్నాడని మా నాన్నతో చెప్పాను. ఆయన దాచింది ఏమీ లేదు, ఆయన మాటే తక్కువ. పెళ్లయి తొమ్మిదేళ్లయినా నన్ను అప్పుడప్పుడు ఇన్‌స్పెక్టరమ్మా అని పిలిచేవాడు.

కాలేజీ లైబ్రరీలో ఈ గుణం నాకు బాగా పనికొచ్చింది. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ పుట పుటా తిప్పి, ఎవరు ఎక్కడ పెన్సిలుతో గీశారో పట్టుకుని, రబ్బరుతో శుభ్రంగా చెరిపిగాని బీరువాలో పెట్టేదాన్ని కాదు. పన్నెండేళ్ల ఉద్యోగంలో నేను చెరిపినన్ని గీతలు బళ్లారిలో ఇంకెవరూ చెరిపి ఉండరు. 2008 వానాకాలంలో నా రబ్బరు ఇంటిదాకా వచ్చింది.

అప్పుడు ఊరంతా ఇనుప గనుల మీద నడుస్తోంది. రాజ్ కుమార్ సండూరు దారిలో ఒక స్టాక్ యార్డులో కాటా గుమాస్తా. పొద్దున తెల్ల చొక్కాతో వెళ్లి సాయంత్రం ఇటుకరంగు చొక్కాతో వచ్చేవాడు. కిటికీ తెరలూ, ఉప్పు డబ్బా మూతా, పుస్తకాల అంచులూ అన్నీ ఎర్రగానే ఉండేవి. ఆఫీసువాళ్లు కొత్త కంప్యూటర్లు కొనుక్కుని పాతదొకటి ఆయనకిచ్చారు. దానికి నెట్ పెట్టించుకున్నాక నాకు కాలేజీ అయ్యాక పోవడానికి ఇంకో ఊరు దొరికినట్టయింది.

ఆర్కుట్‌లో నేనూ, ఆదోనిలో ఉండే రిటైర్డ్ మాస్టారు కోదండరామి గారూ కలిసి ‘చదువు చావడి’ అనే కమ్యూనిటీ నడిపేవాళ్లం. మూడొందల మంది ఉండేవారు. ప్రతి సోమవారం ‘ఇప్పుడేం చదువుతున్నారు’ అని నేను ఒక మాట పెడితే, వారమంతా జవాబులు వచ్చేవి. ఒకాయన ఎరువు బస్తా మీద రాసింది తప్ప ఏమీ చదవడం లేదని రాస్తే, అదెలా ఉందో అదే చెప్పమన్నాం. చదివేవాళ్ల మధ్య దేవుడి మాట రాకుండా ఉండదు కాబట్టి దానికి వేరే అరుగు కట్టాం. ‘అడగవచ్చునా’ అని అడిగిన తర్వాతే అక్కడ ఏదైనా అడగాలి. ఎవరి నమ్మకం గురించి వాళ్లే చెప్పాలి. రమ్మని పిలవకూడదు, వెక్కిరించకూడదు. జవాబు చెప్పడం ఇష్టం లేనివాళ్లు ఊరుకోవచ్చు. ఏకాదశి ఉపవాసం రోజు ఏం ఆలోచిస్తారని నేను అడిగితే, మధ్యాహ్నం దాకా దేవుణ్ణి, ఆ తర్వాత పొయ్యి మీది ఉప్పిట్టుని అని మాస్టారు రాశారు. ఆ నియమాలు రాసింది నేనే. వాటిని చూసుకుని మురిసిపోయేదాన్ని.

సెప్టెంబరు రెండో వారంలో ‘వరిచేను’ అనే పేరుతో ఒకరు చేరారు. ముఖం లేదు, పచ్చటి మడి ఫోటో ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు: ‘అడగవచ్చునా? నేనిప్పుడు ఒక పాత బైబిలు చదువుతున్నాను. మాది హిందూ కుటుంబం, చర్చికి ఎన్నడూ పోలేదు. కీర్తనలున్న చోట ఒక పుట అంచున పెన్సిలుతో ఒక ఆడమనిషి పేరు, తారీకు రాసి ఉన్నాయి. మీలో క్రైస్తవులు అలా రాసుకుంటారా? ఎందుకు రాసుకుంటారు?’

మాస్టారు మంచి ప్రశ్న అని మెచ్చుకున్నారు. ఇంకొకరు తమ అవ్వ పంచాంగం చివరి అట్ట మీద మనవళ్ల పేర్లు రాసుకునేదని చెప్పారు. మేం క్రైస్తవులం, నిజానికి జవాబు చెప్పవలసినదాన్ని నేను. మా పాత మిషన్ సంఘాల్లో పెద్దవాళ్లు ఎవరి కోసం ప్రార్థన చేస్తే వాళ్ల పేరు ఆ వాక్యం పక్కన రాసుకుంటారు. మా ఇంట్లోనే రాసేవాళ్లున్నారు. మా అత్తమ్మ జ్ఞానకుమారి ముప్పై ఆరేళ్లు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. తెల్లవారగానే చెవి వెనక పెన్సిలు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది, ఆ పుస్తకం అంచుల్లో ఏదో ఒకటి రాయకుండా లేచేది కాదు.

కానీ నేను జవాబు రాయలేదు. ముందు ఆ మనిషి పేజీకి వెళ్లి చూశాను. ఖాతా తెరిచి ఎనిమిది రోజులే అయింది. స్నేహితులు నలుగురు. ఊరు దేశనూరు అని ఉంది. ఇంత మర్యాదగా అడిగేవాళ్లు ముఖం ఎందుకు దాచుకోవాలి అనుకున్నాను.

ఆ వారమే పడమటి జిల్లాల్లో ప్రార్థన మందిరాల మీద దాడులు జరిగాయని టీవీలో వచ్చింది. మతం మారుస్తున్నారన్న మాట అందరి నోటా వినిపించింది. ఆదివారం మా పాస్టరు గారు ప్రసంగం తగ్గించి, కొత్తవాళ్లెవరైనా వచ్చి బైబిలు గురించి అడిగితే తొందరపడి మాట్లాడవద్దని చెప్పి పంపేశారు. యార్డులో తాను వెళ్లగానే ఇద్దరు ముగ్గురు మాట మారుస్తున్నారని రాజ్ కుమార్ అన్నాడు. ఉన్నట్టుండి రేపటినుంచి రావద్దంటే అడిగే దిక్కు లేదని కూడా అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు, అందుకే ఎక్కువ భయమేసింది.

అత్తమ్మ గురువారం గురువారం బీపీ చూపించుకుంటానని ఆసుపత్రికి వెళ్లేది. పదింటికి వెళితే మూడింటికి వచ్చేది. బీపీ చూడటానికి అయిదు గంటలు పట్టదని నాకు ఎప్పటినుంచో అనుమానం. ఆ గురువారం సెలవు పెట్టి ఇంట్లో ఉండి, ఆమె వెళ్లగానే బైబిలు తెరిచాను. పంపమ్మ, కాలు విరిగింది. హులిగప్ప, యార్డు దుమ్ము, దగ్గు. ఉచ్చెంగమ్మ, కొడుకు మాట్లాడడు. నింగప్ప, రేపు ఆపరేషన్. ఒక్కటీ మా సంఘం పేరు కాదు. ప్రతి పేరుకీ తారీకు ఉంది. అది చూసిన పోలీసులు దాన్ని ప్రార్థనల పుస్తకం అనరు, మతం మార్చినవాళ్ల జాబితా అంటారు.

ఆమె రాగానే నిలదీశాను. అత్తమ్మ చెప్పులు విప్పుతూ, సుమ్నే, ఊరికే రోగుల దగ్గర కూర్చుని వస్తున్నానని ఒప్పుకుంది. కొడుక్కి తెలిస్తే ఈ వయసులో తిరుగుడేందని కోప్పడతాడని బీపీ పేరు చెప్పిందట. వాళ్లను ప్రార్థనకు పిలుస్తున్నారా అని అడిగాను.

“పిలవను మా. నీ పేరు రాసుకోనా, నీ కోసం అడుక్కుంటా అంటా. సరే అంటే రాసుకుంటా. వద్దంటే లేదు.”

నా చావడి అరుగు మీద నేను రాసుకున్న నియమమే అది. ఆమె నలభై ఏళ్లుగా దాని మీదే నడుస్తోంది. కానీ ఆ రోజు నాకది తట్టలేదు. ఇకమీదట ఏమీ రాయవద్దని, ఎక్కడికీ వెళ్లవద్దని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను.

మరునాడు వరిచేను నుంచి నాకు ఒక్కదానికే మెసేజ్ వచ్చింది. ‘మేడం, మీరు క్రైస్తవులని మీ పేరు చూసి రాస్తున్నాను. ఆ అంచున ఉన్న పేరు సుందరమ్మ. ఆమె మా అమ్మ. జూన్‌లో చనిపోయింది. ఆమె పెట్టెలో చీరల అడుగున ఈ పుస్తకం దొరికింది. పేరు కింద జ్ఞా. అని ఒక్క అక్షరం ఉంది. అట్ట లోపల బళ్లారి మిషన్ ఆసుపత్రి ముద్ర ఉంది. మా నాన్న అప్పటినుంచి సరిగా మాట్లాడడం లేదు. అమ్మ రహస్యంగా మీ మతంలో కలిసిందేమో, ముప్పై నాలుగేళ్ల కాపురంలో తనతో అబద్ధం ఆడిందేమో అంటాడు. నెల మాసికాలు కూడా పెట్టనివ్వడం లేదు. ఆ జ్ఞా. ఎవరో తెలిస్తే ఒక్కసారి చూపించండి.’

జ్ఞా. ఎవరో తెలుసుకోవడానికి నాకు పక్కగది దాటి పోవలసిన పని లేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ ఉత్తరంలో తల్లిని పోగొట్టుకున్న పిల్ల తప్ప ఇంకేమీ కనిపించదు. ఆ రోజు నాకు కనిపించింది వేరు. చనిపోయిన హిందువు పెట్టెలో బైబిలు, అందులో నర్సు అక్షరం, ఆసుపత్రి ముద్ర, కోపంగా ఉన్న భర్త. కేసు పెట్టడానికి ఇక వాళ్లకు కావలసింది నర్సు పూర్తి పేరు, ఇంటి అడ్రసు. మాలో అలాంటి అలవాటు లేదని, ఆ అక్షరం ఎవరిదో నాకు తెలియదని జవాబు రాశాను. తర్వాత ఆమె ప్రశ్నను, కింద అందరూ రాసినదాన్ని తీసేసి, వరిచేనును కమ్యూనిటీ నుంచే వెళ్లగొట్టాను. ఎందుకలా చేశావని మాస్టారు అడిగితే, దొంగ ఖాతా అన్నాను. ఆయన సరేనమ్మా అని మాత్రం రాశారు. నా మాట మీద ఆయనకు అంత నమ్మకం.

సుందరమ్మ పోయిందని అత్తమ్మకు చెప్పలేదు. చెబితే ఆ క్షణమే దేశనూరు బస్సెక్కుతుందని నాకు తెలుసు.

అక్టోబరు మొదటి వారంలో అత్తమ్మ కుడికంటికి శుక్లాల ఆపరేషన్ చేశారు. ఎడమకన్ను అంతకుముందే మసక. నెల దాకా చదవకూడదు, ఏడవకూడదు, తలంటుకోకూడదు అన్నారు. పచ్చ అద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటే, పొద్దున్నే నేను ఒక అధ్యాయం చదివి వినిపించేదాన్ని. దసరా సెలవులు. భోజనమయ్యాక ఆమె పడుకునేది. నేను బైబిలూ, లైబ్రరీ రబ్బరూ తీసుకుని వంటింటి గట్టు దగ్గర కూర్చునేదాన్ని.

నా పని నాకు బాగా వచ్చు. బైబిలు కాగితం ఉల్లిపొర కన్నా పలచన, ఎడమచేత్తో పుట బిగించి పట్టుకుని ఒకే దిక్కుకు తుడవాలి. రబ్బరు పొట్టు నల్లగా కాక ఎర్రగా రాలేది, గనుల దుమ్ము అందులోకీ చేరింది. ఏది చెరిపినా చదవకుండా చెరపలేదు, ఎందుకంటే అనుమానం. సుందరమ్మ పేరు 1980 నుంచి ఏటేటా డిసెంబరులో వచ్చేది. ఆ పేర్ల పక్కన ఉన్నవి చదువుతుంటే చెయ్యి ఆగింది. అయినా చెరిపాను.

ఇంకొక పేరు కూడా ఉంది. లోయిస్. నా పేరు. మిగతా అందరి పక్కనా కాలో, దగ్గో, కొడుకో ఏదో ఒక మాట ఉంది. నా పక్కన తారీకు తప్ప ఏమీ లేదు. లెక్కకు అందరికంటే ఎక్కువసార్లు ఉంది. రాయడానికి కూడా వీల్లేనంత ఫిర్యాదు దేవుడికి నా మీద ఏం చేసిందో అనిపించి ఒళ్లు మండింది. ఒకచోట గట్టిగా రుద్దితే పుట అంచు కాస్త చిరిగింది. మూడు మధ్యాహ్నాల్లో పుస్తకమంతా కొత్తదిలా తయారైంది. మరునాడు పొద్దున అదే పుస్తకం తెరిచి, నేను తుడిచిన అంచుల మధ్య నుంచే ఆమెకు కీర్తన చదివి వినిపించాను. బాగా చదివినావమ్మా అంది.

దీపావళి ముందు గురువారం అత్తమ్మ కన్ను చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లింది. ఈసారి నిజంగానే వెళ్లింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిట్లో ఎవరో కొత్తవాళ్ల చెప్పులు రెండు జతలు కనిపించాయి. వాటికి అంటుకున్నది మా ఊరి ఎర్రమట్టి కాదు, మడి నల్లమట్టి. లోపల కుర్చీలో తెల్లపంచె పెద్దాయన, ఆయన పక్కన ముప్పై ఏళ్ల పిల్ల. ఎదురుగా అత్తమ్మ పచ్చ అద్దాల్లో కదలకుండా కూర్చుని ఉంది. రాజ్ కుమార్ కూడా ఆ పూట త్వరగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల ఒళ్లో పాత నల్ల అట్ట బైబిలు చూడగానే వాళ్లెవరో నాకు తెలిసిపోయింది.

అట్ట లోపలి ముద్ర పట్టుకుని వాళ్లు నేరుగా ఆసుపత్రికే వచ్చారు. పేరు జ్ఞా. అక్షరంతో మొదలయ్యే పాత నర్సు ఎవరని వరండాలో అడుగుతుంటే, మందుల చీటీతో వరసలో నిలబడిన అత్తమ్మ ‘నేనే’ అని చెప్పింది. సుందరమ్మ పోయిన సంగతి ఆమెకు అక్కడే తెలిసింది. కన్నుకు ఆపరేషనయింది, ఏడవకూడదు కాబట్టి ఏడవకుండా వాళ్లను ఆటో ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ పిల్ల రేణుక, సిరుగుప్ప రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని. ఆ పెద్దాయన ఆమె తండ్రి వెంకటకృష్ణయ్య. తుంగభద్ర కాలువ నీళ్లొచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి దేశనూరు దగ్గర మడి చేసుకుంటున్న రైతు.

అత్తమ్మ వాళ్లకు అప్పటికే కొంత చెప్పింది. ఇద్దరు పిల్లలు పుట్టి పోయాక సుందరమ్మ మూడో కాన్పుకు మిషన్ ఆసుపత్రికి వచ్చింది. ఇరవై రోజులు మంచం మీదే ఉంది. ఆ ఇరవై రోజుల్లో అత్తమ్మ తన బైబిలు అంచున ఆమె పేరు రాసి, ఆ అక్షరాలు గుర్తుపట్టడం నేర్పింది. రేణుకను ఎత్తుకుని ఇంటికి వెళ్లేటప్పుడు ఆ పేరున్న పుస్తకమే కావాలని సుందరమ్మ అడిగితే ఇచ్చేసింది. ఆ తర్వాత ఏడాదికోసారి సుందరమ్మ ఆమెను చూడటానికి వచ్చేది. తల్లికి చదువు రాదని, అయినా వేలిముద్ర వెయ్యకుండా సంతకం పెట్టేదని, ఎక్కడ నేర్చుకుందో ఎప్పుడూ చెప్పలేదని రేణుక అంది.

వెంకటకృష్ణయ్య మాత్రం మెత్తబడలేదు. ఆయన గొంతులో మర్యాద ఉంది, నమ్మకం లేదు. “మీరు పెద్దవారు, మిమ్మల్ని తప్పుబట్టడం లేదండీ. కానీ పేరు నేర్చుకోడానికైతే నా దగ్గర దాచడం దేనికి? ఏడాదికోసారి బళ్లారి వచ్చేదట కదా, దేనికొచ్చేది? ప్రార్థనకేగా?”

“మాట్లాడుకునేదానికి వస్తాండె అప్పా. నేను చెప్తే నమ్మబుద్ధి కాదు మీకు. అప్పటికప్పుడు రాసి పెట్టినా అన్నీ. లోయిస్, నా బైబిలు ఈడికి తేమ్మా.”

తెచ్చాను. ఇంకేం చెయ్యను. అత్తమ్మ దాన్ని చేత్తో తడిమి, తనకు కన్ను ఆనదని రేణుక చేతికిచ్చి, కీర్తనలున్న చోట తెరవమంది. రేణుక పుటలు తిప్పింది. వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు తిప్పింది. ఏమీ లేదండీ అంది. లేకపోవడమేంది, అంచున చూడమ్మా అని అత్తమ్మ అంది. అంచులోనే చూస్తున్నానని ఆ పిల్ల చెప్పింది.

“వెలుతురు చాల్లేదేమో,” అంది అత్తమ్మ. “లోయిస్, ఆ కిటికీ తెరువమ్మా.”

వెళ్లి కిటికీ తెరిచాను. వెలుతురు సరిగ్గా పుస్తకం మీద పడింది. అంచులు అంత తెల్లగా ఎప్పుడూ లేవు. వెంకటకృష్ణయ్య ఆ పుటను, అత్తమ్మ ముఖాన్ని, మళ్లీ పుటను చూసి కండువా భుజాన వేసుకున్నాడు. పద రేణుకా, అని లేచాడు. అత్తమ్మ అబద్ధాలాడే ముసలిదానిగా తేలిపోయి, నల్లమట్టి చెప్పుల వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. అది నేను చూడలేకపోయాను.

“అన్నీ ఉండె,” అన్నాను. “నేనే చెరిపినా.”

ముగ్గురూ నా వైపు తిరిగారు. గుమ్మంలో రాజ్ కుమార్ తల ఎత్తాడు. రేణుకతో, చదువు చావడిలో మిమ్మల్ని వెళ్లగొట్టింది నేనేనని కూడా చెప్పాను. మీరెవరో అని భయపడ్డానని, కేసు పెట్టించడానికి వచ్చారనుకున్నానని, అత్తమ్మకు కన్ను ఆనని రోజుల్లో రబ్బరు పెట్టి తుడిచానని అంతా చెప్పేశాను. రేణుక నన్ను తిట్టలేదు. నేను రాసిన అబద్ధపు జవాబు మళ్లీ చదువుకుంటున్నట్టు నా ముఖంలోకి చూసింది, అంతే.

వెంకటకృష్ణయ్య నిలబడే ఉన్నాడు. “చెరపకముందు చదివారా?” అని అడిగాడు.

“చదవకుండా ఏదీ చెరపను.”

“అయితే చెప్పండి.”

అత్తమ్మ రాసింది రాసినట్టే చెప్పాను. 1980, సుందరమ్మ వచ్చింది, మొదటి కోత బియ్యం తెచ్చింది, పాప బాగుంది. 1986, ఆమె ఇంటాయనకు దగ్గు తగ్గాలని నేను అడిగాను, నా మోకాళ్ల కోసం ఆమె తన వెంకన్నకు చెప్పుకుంది. 1994, రేణుక పదో తరగతి, ఇద్దరం అడిగాం, ఎవరి దేవుణ్ణి వాళ్లం. కళ్లు మూసుకుంటే చెరిపిన అక్షరాలు వరసగా కనిపిస్తున్నాయి. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. నేనే పుట్టించి చెబుతున్నాననుకుంటున్నాడేమో అనిపించింది. ఆయన స్థానంలో నేనుంటే అలాగే అనుకుంటాను.

“1997,” అన్నాను. “రాజుకు పని దొరకాలని సుందరమ్మ కొండకు మొక్కుకుంది. చెప్పుల్లేకుండా మెట్లెక్కి వచ్చింది. కాళ్లు వాచినాయి.”

వెంకటకృష్ణయ్య కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. “ఏ సంవత్సరం అన్నారు?”

“తొంభై ఏడు.”

ఆయన మెల్లగా కూర్చున్నాడు. తనలో తాను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. ఆ ఏడు తిరుపతిలో తాను బస్సెక్కుదామంటే సుందరమ్మ వినలేదట. నడిచి ఎక్కుతానంది. ఎవరి మొక్కు అంటే చెప్పలేదు, చెబితే ఫలించదంది. మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడితే తాను కోప్పడ్డాడట. మన ఇంట్లో ఎవరికీ ఏ లోటూ లేదు, ఈ మొక్కు ఎవరిదే అని అరిచాడట. రేణుక ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

“ఆడిపోసుకున్నాను దాన్ని,” అన్నాడు. తర్వాత నన్ను చూసి, “లేనిది చెప్పాలనుకునేవాళ్లు, చెరిపానని చెప్పుకోరమ్మా. ఎవరు చెప్పుకుంటారు అంత తప్పు,” అన్నాడు.

గుమ్మం దగ్గరనుంచి రాజ్ కుమార్ రెండడుగులు లోపలికి వేశాడు. పెద్దాయన ఆయన్ని పైనుంచి కిందికి, ఆ ఎర్ర చొక్కా, దుమ్ము పట్టిన జుట్టు అంతా చూశాడు.

“రాజు అంటే మీరేనా బాబూ? పని దొరికిందా అప్పుడు?”

“దొరికిందండీ,” అన్నాడు రాజ్ కుమార్.

“అయితే మొక్కు తీరింది,” అన్నాడు వెంకటకృష్ణయ్య.

అప్పుడు ఏడ్చింది అత్తమ్మ. డాక్టరు వద్దన్నాడని నేను గుర్తుచేయలేదు.

ఆ సోమవారం ‘ఇప్పుడేం చదువుతున్నారు’ కింద మొదటి జవాబు నేనే రాశాను. నేను చదివింది, చెరిపింది, నియమం రాసిన నేనే దాన్ని తప్పింది, మాస్టారికి చెప్పిన అబద్ధం, ఏదీ దాచలేదు. వరిచేనుకు క్షమాపణ చెప్పి తిరిగి రమ్మని అడిగాను. రెండు రోజులు ఎవరూ ఏమీ రాయలేదు. నన్నే వెళ్లగొడతారనుకున్నాను. మూడో రోజు కోదండరామి గారు ఒక్క వాక్యం రాశారు: ‘అడగవచ్చునా? ఆ రబ్బరు ఇంకా ఉందా?’ పారేశానని రాశాను. నాలుగో రోజు పచ్చటి మడి బొమ్మ మళ్లీ కనిపించింది. నాన్న మాసికం పెట్టించాడని, మానేసిన నెలలవి కూడా ఎలా పెట్టాలో పురోహితుణ్ణి అడిగి వచ్చాడని, అమ్మ పెట్టెలో ఆ పుస్తకం ఉన్నచోటే ఉంచమన్నాడని రేణుక రాసింది.

డిసెంబరులో రేణుకా తండ్రీ ఒక చిన్న సంచిలో కొత్త బియ్యం తెచ్చారు. ఏటా సుందరమ్మ రెండు సంచులు కట్టేదని, ఒకటి గుడికని తెలుసుగాని రెండోది ఎక్కడికి పోయేదో ఇప్పుడు తెలిసిందని వెంకటకృష్ణయ్య చెప్పాడు. అత్తమ్మ ఆ బియ్యం నుంచి ఒక పిడికెడు తీసి, సంఘానికి ఇచ్చే పిడికెడు బియ్యం కుండలో పోసింది. మిగిలింది వండి అందరికీ పెట్టాం.

అత్తమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది. కంటికి కొత్త అద్దాలొచ్చిన మర్నాడు, కాఫీ అయ్యాక నన్ను కిటికీ దగ్గరికి పిలిచి పెన్సిలు చేతికిచ్చింది. ఆమె చెబుతుంటే నేను రాయాలి. వార్డులో మంచాల వరసలో ఆమెకు జ్ఞాపకం వచ్చేవాళ్లు. పంపమ్మ కాలు, నింగప్ప ఆపరేషన్. ఆమె ఆగిన చోట నేను అందించేదాన్ని. హులిగప్ప మీకు కీర్తనల్లో కాదు, అంతకు ముందే ఉన్నాడని నేనంటే, అవునవునని నవ్వేది. క్రిస్మస్ దాకా రోజూ అలా కూర్చున్నాం. ఒక్క తారీకు తప్పు వచ్చినా ఇద్దరిలో ఎవరో ఒకరం పట్టుకునేవాళ్లం.

అంచు చిరిగిన పుట వచ్చింది. అత్తమ్మ ఏ పేరూ చెప్పలేదు.

“ఈడ నా పేరుండె,” అన్నాను.

“తెలుసులే. పెన్సిలు ఇట్లా ఇయ్యి.”

ఆమె ముక్కు మీదికి అద్దాలు జరుపుకుని, చిరుగు మీద వేలు ఆనించి రాయడం మొదలుపెట్టింది. ఒక పేరుకూ ఒక తారీకుకూ పట్టే సమయం కన్నా ఎక్కువసేపు రాసింది. పాత నేనైతే ఆమె భుజం మీదుగా తొంగి చూసేదాన్ని. కుదరకపోతే ఆమె స్నానానికి వెళ్లేదాకా ఆగి పుస్తకం తెరిచేదాన్ని. ఆ బైబిలు ఇప్పటికీ కిటికీ అరలో ఉంది, దానికి తాళం లేదు, గడియ లేదు. నేను కాఫీ గ్లాసులు రెండూ తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆమె ఏం రాసిందో ఈ రోజుకీ చూడలేదు.